పాదాలు చూసే పాలక్క

మొన్న ఆదివారం అమ్మ పాల ప్యాకెట్టు మూల కత్తిరిస్తూ, "గౌలిపుర పాలావిడ పోయిందట. కేబుల్ ఆయన ఫోన్ చేశాడు. నీకు తప్పకుండా చెప్పమన్నాడు" అంది.

నేను ఏమీ అనలేదు. నేను ఏమీ అనకపోవడం మా ఇంట్లో వింత కాదు.

"నీకే ఎందుకు చెప్పమన్నాడో!" అని తనలో తను అనుకుంటూ అమ్మ గిన్నె పొయ్యి మీద పెట్టింది.

లోపలికి వెళ్ళి మంచం కింది అట్టపెట్టె లాగాను. మలక్‌పేటకి ఇల్లు మారినప్పటి నుంచి ఆ పెట్టె విప్పలేదు. ఏడేళ్ళ కిందటి డైరీకి నీలం అట్ట. అందులో వేసవి సెలవుల పేజీలు తెరిచి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. తవుడు వాసన వస్తుందేమో అనుకున్నాను. రాలేదు. వచ్చిందని రాస్తే పాలక్క ఒప్పుకోదు.

ఆమె పేరు నాకు తెలియదు. వీధంతా పాలక్క అనేవారు. ఆమె కంటే పదేళ్ళు పెద్దవాళ్ళూ పాలక్కే అనేవారు. ఒక్క కోడలు మాత్రం "అత్తా" అనేది, అది కూడా అవసరమైతేనే. ఆ అమ్మాయి నాకంటే తక్కువ మాట్లాడే మనిషి. వాళ్ళది గౌలిపురలో రెండు తరాల నుంచి బర్రెలు పెట్టుకున్న ఇల్లు. ముందు ఒక గది, వెనక పొడుగాటి కొట్టం, అందులో ఏడెనిమిది బర్రెలు. మేము ఆ సందు చివర అద్దెకుండేవాళ్ళం. నాన్న ఉద్యోగం కోసం కృష్ణా జిల్లా నుంచి వచ్చాం. వీధిలో మా మాట వేరుగా వినిపించేది. నా మాట అసలు వినిపించేదే కాదు.

రోజూ పొద్దున స్టీలు క్యాను పట్టుకుని పాలకి వెళ్ళేది నేనే. ఇంటి నుంచి అక్కడి దాకా "లీటరు పాలు, లీటరు పాలు" అని లోపల అనుకుంటూ నడిచేదాన్ని. తీరా వెళ్ళాక నోరు పెగిలేది కాదు. పాలక్క అడిగేది కాదు కూడా. క్యాను చూసి పోసేది. పోశాక కొలత గిన్నెని క్యాను అంచు మీద వంచి, చివరి బొట్టు రాలేదాకా అలాగే పట్టుకునేది. వెనక పదిమంది నిలబడి ఉన్నా సరే. "బర్రె కష్టం. నేలపాలు కావొద్దు" అనేది.

ఆమె ఇంటి గోడకి కేబుల్ టీవీ పెట్టె ఒకటి బిగించి ఉండేది. గోడ ఇచ్చినందుకు కేబుల్ భాయ్ ఆమెకి కనెక్షన్ ఊరికే ఇచ్చాడు. ముందు గదిలో తవుడు బస్తాల మీద చిన్న బ్లాక్ అండ్ వైట్ టీవీ. తెల్లవారుజామున పాలు పితికి, సగం వీధికి పోసి, ఆరింటికి ఆమె ఆ టీవీ ముందు కూర్చునేది. ఆ టైంలో ఆ టీవీలో బొమ్మ సరిగ్గా వచ్చే చానల్ ఒక్కటే. అందులో అమెరికా వాళ్ళ బాస్కెట్‌బాల్. వాళ్ళకి రాత్రి, మనకి పొద్దు.

ఇంగ్లీషు ఒక్క ముక్క రాని మనిషిని ఆ ఆట ఎలా పట్టుకుందో నాకు ఆశ్చర్యంగా ఉండేది. ఒకరోజు నన్ను పిలిచి టీవీ వైపు వేలు చూపించింది.

"జూడు బిడ్డా. బంతిని నేలకు కొట్టుకుంట పోవాలె. సంకల పెట్టుకొని ఉరికితే దొంగతనమంట. ఎంత మంచి కానూన్!"

మొదటి రెండేళ్ళు ఆమె తెల్ల అంగీల జట్టుకి అభిమాని. తెల్లంగీల వాళ్ళే ఎక్కువసార్లు గెలిచేవారు. "నా జట్టు మస్తు గట్టిది" అని వీధంతా చెప్పుకునేది. ఆ రోజుల్లో ఏ జట్టయినా సొంత ఊళ్ళో ఆడేటప్పుడు తెల్ల అంగీ, పరాయి ఊళ్ళో ముదురు రంగు అంగీ వేసుకుంటుందని ఆమెకి తెలియదు. సొంత ఊళ్ళో ఎవరైనా ఎక్కువ గెలుస్తారు కదా! రంగులు లేని ఆ టీవీలో ఆమె రెండేళ్ళ పాటు అన్ని జట్లకీ అభిమానిగా ఉంది. ఈ సంగతి ఎవరూ చెప్పకుండా తనే కనిపెట్టింది. ఒక పొద్దున పాలు పోస్తూ పోస్తూ ఆగిపోయి టీవీకేసి చూసింది.

"అరే! మొన్న తెల్లంగీల ఉన్న పొడుగోడు ఇయ్యాల నల్లంగీల ఉన్నడు! గదే నడక. కుడి కాలు జర ఈడుస్తడు. వీళ్ళు అంగీలు మార్చుకుంటున్నరే!"

ఎదురుగా పప్పుల దుకాణం సేటు పగలబడి నవ్వాడు. "రెండేండ్లకు తెలిసిందా పాలక్కా? నీ బర్లకు గూడ అంగీలు తొడుగు, అవి గూడ గెలుస్తయి."

వేరే ఎవరైనా అయితే సిగ్గుపడేవాళ్ళు. ఆమె కొలత గిన్నె పక్కన పెట్టి తనూ నవ్వింది. కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వి, కొంగుతో తుడుచుకుని, "అంగీ జూసి మనిషిని పట్టిన. నాదే తప్పు. ఇగ నడక జూసే పడత" అంది. ఆ రోజు నుంచి ఆమె అంగీల రంగు మాటెత్తలేదు. మా వీధిలో ఏ జెండా రంగు పేరెత్తినా మనుషులు రెండు వైపులయ్యే రోజులు కూడా ఉండేవి. ఆమె అలాంటప్పుడు కూడా మనుషుల రంగు మాటెత్తగా నేను వినలేదు.

నడక చూడటం మొదలుపెట్టాక ఆమెకి ఆటలో అందరికంటే ఎక్కువ కనపడేది. మిగతావాళ్ళు బంతిని చూసేవారు. ఆమె కాళ్ళు చూసేది.

ఆ ఆటలో ఎప్పుడూ గొడవ వచ్చే చోటు ఒకటుంది. బంతితో ఒకడు దూసుకొస్తాడు, ఇంకొకడు అడ్డం నిలబడతాడు, ఇద్దరూ ఢీకొంటారు. తప్పెవరిది? అడ్డం నిలబడ్డవాడు ముందే పాదాలు నేలకి ఆనించి కుదురుగా ఉంటే తప్పు దూసుకొచ్చినవాడిది. ఆఖరి క్షణంలో పక్కకి జరిగి అడ్డుపడితే తప్పు వీడిది. ఇది మా నాన్న పేపర్లో చదివి తెలుసుకున్నాడు. పాలక్కకి చదవకుండానే తెలుసు.

"కుడితి తొట్టి కాడ రెండు బర్లు గుద్దుకుంటయి. రెండూ అరుస్తయి. అరుపు ఇంటే ఏం తెలుస్తది? గిట్టలు జూడాలె. ఏది జరిగిందో దానిదే తప్పు" అనేది.

మ్యాచ్ అయ్యాక ఎనిమిదిన్నరకి ఆమె గుమ్మం ముందు సభ మొదలయ్యేది. సేటు దుకాణం తెరవకుండానే వచ్చేవాడు. కేబుల్ భాయ్ పెట్టె చూసుకునే వంకతో వచ్చేవాడు. నన్ను పిలవడానికని వచ్చి మా నాన్న అక్కడే నిలబడిపోయేవాడు. "బర్రెలు కాసే ఆవిడకి బాస్కెట్‌బాలేం తెలుస్తుందోయ్!" అని ఇంట్లో అనేవాడు గాని ఆఫీసుకి ఆలస్యమైనా అక్కణ్ణుంచి కదిలేవాడు కాదు. మధ్యలో ఇనుప మడత కుర్చీలో పాలక్క. అది తీర్పు చెప్పే కుర్చీ. వాదన ముదిరాక ఆమె కొంగు తీసి నడుముకి బిగించి కట్టేది. అలా కట్టిందంటే ఇంక అందరూ ఊరుకోవాలి.

ఆమె తీర్పు ఆటకే కాదు. వీధి మోరీలో పూడిక ఎవరు తీయించాలి, గోడ మీద మేకు ఎవరు కొట్టారు, అన్నీ ఆ కుర్చీ దగ్గరికే వచ్చేవి. ఆమెకి ఒకటే నియమం: "చూసినోడే చెప్పాలె. ఇన్నోడు పక్కకు కూసోవాలె." ఎంత గొప్పవాడు వచ్చి మాట్లాడినా ముందు "నువ్వు చూసినవా?" అని అడిగేది. లేదంటే చేత్తో పక్కకి చూపించేది. పెద్ద పెద్దవాళ్ళు వెళ్ళి పక్కన కూర్చోవడం నా కళ్ళతో చూశాను.

నేను డైరీ రాస్తానని ఆమెకి ఎలా తెలిసిందంటే, ఒకరోజు పాల వరస కదలకపోతే గడ్డి మోపు మీద కూర్చుని రాసుకుంటూ దొరికిపోయాను.

"ఏం రాస్తున్నవ్ బిడ్డా?"

నేను పుస్తకం మూసేశాను.

"నిన్న మ్యాచ్‌ల ఎవడేమన్నడో గూడ రాయరాదు? వీళ్ళు పొద్దొక మాట, మాపొక మాట జెప్తరు."

అలా నా డైరీ ఆ సభకి సాక్ష్యమైంది. ఎవరైనా మాట మారిస్తే పాలక్క నన్ను పిలిచేది. పదిమంది మగవాళ్ళ మధ్య గట్టిగా చదవడం నా వల్ల కాదని ఆమెకి తెలుసు. అందుకని కుర్చీలోంచి పక్కకి వంగి చెవి ఇచ్చేది. ఆ చెవిలో నేను గుసగుసగా చదివేదాన్ని. ఆమె తల ఊపి, గొంతెత్తి, వీధి మలుపు దాకా వినిపించేలా చెప్పేది. "సోమవారం నాడు సేటు ఏమన్నడంటే…" సేటు మొహం చూడాలి అప్పుడు! నా అక్షరాలు ఆమె గొంతులో అంత పెద్దవిగా వినపడుతుంటే నాకు లోలోపల గర్వంగా ఉండేది. ఎవరికీ చెప్పుకోని గర్వం.

ఆ వేసవి నాకు ఇంటర్ సెలవులు. ఫైనల్‌కి ముందు రౌండు. ఏడు మ్యాచుల్లో నాలుగు గెలిచిన జట్టు ఫైనల్‌కి వెళ్తుంది. అంతకు ముందు ఏళ్ళలో కప్పు గెలిచిన జట్టుని పాలక్క "పాతోళ్ళు" అనేది. ఎప్పుడూ గెలవనివాళ్ళు "కొత్తోళ్ళు". ఆమె, సేటు, మా నాన్న కొత్తోళ్ళ వైపు. కేబుల్ భాయ్ ఒక్కడే పాతోళ్ళ వైపు. "మనం పాత షహర్‌వాలే. పురానే లోగోఁ కే సాథ్ నై రహే తో కిస్కే సాథ్ రహతే?" అని, పాతబస్తీవాళ్ళం పాతోళ్ళ వైపు కాక ఇంకెవరి వైపుంటామని వాదించేవాడు.

పాతోళ్ళలో కొండలాంటి మనిషి ఒకడుండేవాడు. అతన్ని పాలక్క "దేవరదున్న" అనేది. తిట్టు కాదు, దీపావళి తర్వాత వచ్చే సదర్ పండక్కి ముస్తాబు చేసి నడిపించే దున్నంత గౌరవంతోనే అనేది. కొత్తోళ్ళలో బక్కగా, ఎప్పుడూ నేల మీద పడి లేచేవాడొకడు. వాడు "సన్నపుల్ల". వాడంటే ఆమెకి ప్రాణం. వాడు పడ్డ ప్రతిసారీ ఇక్కడ ఆమె చెయ్యి ముందుకి చాచేది, లేపడానికన్నట్టు.

ఐదు మ్యాచులయ్యేసరికి కొత్తోళ్ళు మూడు గెలిచారు. ఇంకొక్కటి చాలు. ఆరో మ్యాచ్ ఆదివారం పొద్దున పడింది. నాన్నకి సెలవు కాబట్టి ఆ రోజు మా ఇంట్లో కలర్ టీవీలో చూశాం.

ఆఖరి పది నిమిషాలు విజిల్ మీద విజిల్. అన్నీ కొత్తోళ్ళ మీదే. ప్రతి తప్పుకీ పాతోళ్ళు గీత దగ్గర నిలబడి, అడ్డం ఎవరూ లేకుండా ఊరికే బంతులు వేసుకుంటున్నారు. నాన్న కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఇంక ఒక్క నిమిషం ఉందనగా, తేడా ఒక్క పాయింటు ఉందనగా, దేవరదున్న బంతితో దూసుకొచ్చాడు. సన్నపుల్ల అడ్డం నిలబడ్డాడు. ఢీ. సన్నపుల్ల వెల్లకిలా పడ్డాడు. విజిల్. రెఫరీ వేలు సన్నపుల్ల వైపు చూపించింది. అది వాడి ఆరో తప్పు, అంటే ఆట నుంచి అవుట్. వాడు బెంచీ మీద తువ్వాలు తల మీద కప్పుకుని కూర్చున్నాడు. కొత్తోళ్ళు ఓడిపోయారు.

"దోపిడీ! పట్టపగలు దోపిడీ!" అని నాన్న అరిచాడు.

నేను అరవలేదు. ఆ క్షణంలో అలవాటు కొద్దీ నేను బంతి చూడలేదు, మొహాలు చూడలేదు. సన్నపుల్ల పాదాలు చూశాను. ఢీకొనకముందే ఎడమ పాదం జానెడు పక్కకి జరిగింది. తర్వాత టీవీ వాళ్ళు మళ్ళీ మళ్ళీ చూపించారు గాని అన్నీ దగ్గర బొమ్మలు, ఛాతీ పైకి. పాదాలు ఒక్కసారీ చూపించలేదు.

డైరీలో వెంటనే రాశాను: "ఆఖరి నిమిషం. సన్నపుల్ల ఎడమ పాదం జరిగింది. ఢీకొనకముందే. జానెడు." రాశాక, ఆ పాదం చూడకపోయి ఉంటే బాగుండేదనిపించింది.

నాన్న రెండో కాఫీకి పాలు కావాలన్నాడు. క్యాను, డైరీ పట్టుకుని వెళ్ళాను. నా వెనకే నాన్న.

పాలక్క గుమ్మం ముందు లొల్లి సందు మొదటికే వినపడుతోంది.

"రెఫరీలను కొన్నరు! చిన్న పోరడికి గూడ తెలుస్తది!" అని సేటు.

"కొన్నారో లేదో గాని, ఏడో మ్యాచ్ ఉంటేనే కదండీ వాళ్ళకి ప్రకటనలు? అంతా ముందే మాట్లాడేసుకున్నారు" అని నాన్న అప్పుడే అందుకున్నాడు.

కేబుల్ భాయ్ ఒక్కడూ అందరికీ జవాబు చెప్తున్నాడు. "ఓడిపోతే రెఫరీ చోర్. మొన్న మీరు గెలిచినప్పుడు రెఫరీ ఫరిష్తానా?"

పాలక్క కుర్చీలో ఉంది. కొంగు నడుముకి కట్టి ఉంది. మోచేతుల దాకా చేతులు తడిగా ఉన్నాయి. మొహం ఎర్రగా ఉంది. ఆమెని అంత కోపంగా నేనెప్పుడూ చూడలేదు.

"మావోడు కదల్లే. రాయిలెక్క నిలవడ్డడు. ఆ దున్ననే వచ్చి గుద్దిండు. విజిల్ తప్పు" అంది.

"నువ్వు చూసినవా పాలక్కా?" అన్నాడు కేబుల్ భాయ్.

"చూడకుండ జెప్తనా?"

"కాళ్ళు చూసినవా?"

"ఏంది భాయ్, నన్నే అడుగుతున్నవా? నా మాట తప్పైతే ఈ కుర్చీ దిగుత. మళ్ళ ఎక్క."

కేబుల్ భాయ్ గొంతు తగ్గించాడు. "కుర్చీ మాట కాదు పాలక్కా. రేపు మా నల్లా పంచాయతీ చెప్పేది నువ్వే. సేటుకు, నాకు. ఇయ్యాల సేటు, నువ్వు ఒక్క పార్టీ. నీ జట్టు అని నువ్వు గిక్కడ మాట అటిటు చేస్తే, రేపు నేనేం నమ్మాలె చెప్పు?"

వీధిలో ఒకటే నల్లా. నీళ్ళు గంటే వస్తాయి. సేటు ఇంటికి ముందా, కేబుల్ భాయ్ ఇంటికి ముందా అన్నది నెల రోజుల గొడవ. రెండు ఇళ్ళవాళ్ళూ పాలక్క ఏం చెప్తే అదే అని ఒప్పుకుని ఉన్నారు. అంటే ఇప్పుడు పందెంలో ఉన్నది ఒక విజిల్ కాదు. ఆమె మాట.

"మన పుస్తకమేమంటదో జూద్దాం" అంది పాలక్క. "రా బిడ్డా."

నా కాళ్ళు నడిచాయి గాని నేను నడిచానని చెప్పలేను. ఆమె ఎప్పటిలాగే పక్కకి వంగి చెవి ఇచ్చింది. ఆ చెవికి ఎర్రరాయి కమ్మ. ఆ రాయినే చూస్తూ చదివాను. ఎడమ పాదం. ఢీకొనకముందే. జానెడు.

ఆమె కదల్లేదు. నావైపు తిరగకుండానే, నాకొక్కదానికే వినపడేలా అడిగింది.

"నువ్వు చూసినవా?"

"చూశాను."

"ఏ కాలు?"

"ఎడమది."

అందరూ మా ఇద్దర్నీ చూస్తున్నారు. ఆ గుసగుస ఆమెకి, నాకు తప్ప ఎవరికీ తెలియదు. ఆమె ఏం చెప్పినా పుస్తకం అదే అందని నమ్ముతారు. నేను కాదనలేనని కూడా ఆమెకి తెలుసు. నేను ఎవర్నీ ఎప్పుడూ కాదనలేదు.

"ఏమంది? ఏమంది?" అని సేటు తొందరపడ్డాడు.

పాలక్క నిటారుగా కూర్చుంది. "గీసారి నేను జెప్ప. బిడ్డనే జెప్తది."

నేను తల అడ్డంగా ఊపాను. ఆమె తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది.

"నేను జెప్తే నా మాటైతది. చూసింది నువ్వు. నువ్వే జెప్పాలె."

చెప్పాను. చెప్పాననే అనుకున్నాను. ఎవరికీ వినపడలేదు.

"గట్టిగ. ఎనక కట్టేసిన బర్రెకు గూడ ఇనవడాలె."

రెండోసారి సగమే వచ్చింది. మూడోసారి నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"సన్నపుల్ల ఎడమ పాదం జరిగింది. ముందే జరిగింది. విజిల్ కరెక్టే."

వెనక బర్రె గడ్డి నముల్తూనే ఉంది. కాని ముందున్న వాళ్ళందరికీ వినపడింది. నాన్న నన్ను ఎవరి అమ్మాయో అన్నట్టు చూశాడు.

"ఏం చూశావే నువ్వు? పెద్దవాళ్ళ మధ్యన…"

"చిన్నపిల్ల సారూ, ఏదో అనుకున్నది. పాలక్క చూసిందంటున్నది గదా" అన్నాడు సేటు.

"ఆగుర్రి" అంది పాలక్క. నా మణికట్టు ఇంకా వదల్లేదు. "ఆ టైంల నేను టీవీ ముంగట లేను."

సేటు గుమ్మంలోంచి లోపలి టీవీ వైపు చూశాడు.

"లోపట చిన్న బర్రె ఈనుతుండె. దూడ కాళ్ళు బయటికొచ్చినయి, ఇడిసి రాలేను. విజిల్ ఇన్న. ఉరికొచ్చేసరికి మావోడు నేల మీదున్నడు. గంతే. వాని మొఖం జూసి పానం ఆగలే. చూడలే నేను. చూసినట్టు మాట్లాడిన." ఆమె ఒక్కొక్కరినీ చూసుకుంటూ చెప్పింది. తల దించలేదు. "ఇన్నోడు పక్కకు కూసోవాలె అని జెప్పింది నేనే."

లేచింది. కొంగు విప్పి కుర్చీని ఒకసారి తుడిచి, తీసుకెళ్ళి కేబుల్ భాయ్ ముందు పెట్టింది.

"నక్కో పాలక్కా, గిట్ల మజాక్ చెయ్యకు" అని ఆయన రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వినలేదు. పాల బకీటు ఒకటి బోర్లించి, గోడ వారగా, ఇన్నాళ్ళూ తను ఇతరులకి చూపించిన చోటే కూర్చుంది. ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. కాసేపటికి కోడలు లోపల్నుంచి తొంగి చూసి, "అత్తా, దూడ లేసింది" అంది.

అందరం వెళ్ళి చూశాం. తడితడిగా, నల్లగా, పుల్లల్లాంటి కాళ్ళ మీద వణుకుతూ నిలబడి ఉంది. ఒక అడుగు వేసి పడింది. మళ్ళీ లేచింది. పాలక్క చెయ్యి ముందుకి చాచింది.

"పెయ్యదూడ" అంది. తర్వాత, ఆ పొద్దున మొదటిసారి నవ్వి, "సన్నపుల్ల" అంది.

ఇంటికి వెళ్ళి కాఫీ తాగాక నాన్న, "జానెడు జరిగిందా నిజంగా?" అని అడిగాడు. అవునన్నాను. "ఊఁ" అన్నాడు. బర్రెలు కాసే ఆవిడ అన్న మాట ఆ తర్వాత మా ఇంట్లో మళ్ళీ వినలేదు.

మర్నాడు నల్లా పంచాయతీ. కుర్చీ గోడకి ఆనించి మడిచి ఉంది. పాలక్క బకీటు మీద ఉంది. సేటు, కేబుల్ భాయ్ వచ్చారు. సేటు దుకాణంలో బల్లలున్నాయి, ఒకటి తెప్పించుకోవచ్చు. తెప్పించుకోలేదు. ఆమె అంత కింద కూర్చుని ఉంటే తాము ఎత్తున కూర్చోలేమన్నట్టు ఇద్దరూ నేల మీద, ఆమె ముందు కూర్చున్నారు. ఆమె రెండిళ్ళకీ తిరిగి తన కళ్ళతో చూసి వచ్చింది. సేటు ఇంట్లో పెద్ద తొట్టి ఉంది, కేబుల్ భాయ్ ఇంట్లో బిందెలే ఉన్నాయి. ముందు బిందెలకి, తర్వాత తొట్టికి అంది. తన జట్టు మనిషికి వ్యతిరేకంగా వరసగా రెండో రోజు తీర్పు. సేటు గొణగను కూడా గొణగలేదు.

ఏడో మ్యాచ్‌లో కూడా కొత్తోళ్ళు ఓడిపోయారు. ఆమె బకీటు మీద కూర్చునే చూసింది. ఆట అయిపోయాక పాతోళ్ళకి చప్పట్లు కొట్టింది. కొట్టి, వెళ్ళి టీవీ కట్టేసి, కుడితి కలపడానికి లోపలికి పోయింది. ఆ రోజు పాలు పోసేటప్పుడు ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. క్యాను అంచు మీద కొలత గిన్నె మాత్రం చివరి బొట్టు దాకా అలాగే ఆగింది.

ఆ తర్వాత ఆమె నాకు చెవి ఇవ్వలేదు. పుస్తకంలో ఏముందో కావాలంటే, "నిలవడి జెప్పు బిడ్డా" అనేది. చెప్పేదాన్ని. మేము ఇల్లు మారేదాకా ఆమె కుర్చీ ఎక్కలేదు. అన్న మాట అంటే అంతే.

పాలక్క పోయిన పదో రోజున నేను ఒక్కదాన్నే గౌలిపుర వెళ్ళాను. బస్సులో డైరీ ఒళ్ళో పెట్టుకున్నాను. ఎందుకు తీసుకెళ్తున్నానో నాకే తెలియదు.

ముందు గదిలో ఆమె ఫొటో పెట్టారు. తవుడు బస్తాల మీద ఇప్పుడు కలర్ టీవీ. కొట్టంలో భోజనాల బల్లలు వేశారు. సగం బర్రెలని వెనక్కి కట్టారు. ముప్ఫై నలభై మంది ఉన్నారు. కేబుల్ భాయ్ గడ్డం నెరిసింది. సేటు చేతికర్ర పట్టుకున్నాడు. నన్ను చూసి ఇద్దరూ ఒకేసారి, "పుస్తకం బిడ్డ!" అన్నారు.

భోజనాలయ్యాక మాటలు ఎటు తిరిగి ఎటు వచ్చినా చివరికి ఆ వేసవికే వచ్చాయి. సేటు కొత్తవాళ్ళకి చెప్పడం మొదలుపెట్టాడు.

"ఆరో మ్యాచ్‌ల మా సన్నపుల్ల మీద తప్పుడు విజిల్ ఊదిండ్రు. ఊరంతా చూస్తుంటే పాలక్క ఒక్కతే లేసి, 'గది తప్పు విజిల్' అని జెప్పింది. అమెరికా రెఫరీకి గూడ భయపడలే. గసొంటి మనిషి!"

"వాహ్" అన్నారెవరో. జనం ఫొటో వైపు చూసి తలలూపారు. కేబుల్ భాయ్ నా వైపు చూశాడు, కాని ఏమీ అనలేదు. పోయిన మనిషి ఇంట్లో, ఆమెని పొగుడుతుంటే, ఎవరు కాదంటారు?

ప్రేమతోనే చెప్తున్నాడు సేటు. ఆయన మనసులో అది అలాగే మిగిలిపోయిందేమో కూడా. ఊరుకుంటే పాలక్క ఈ వీధిలో తన జట్టు కోసం అరిచిన మనిషిగా మిగులుతుంది. అలాంటివాళ్ళు వీధికి పదిమంది ఉంటారు.

లేచి నిలబడ్డాను.

"అలా జరగలేదు సేటు గారూ."

కొందరు తిరిగి చూశారు. కొందరికి వినపడలేదు. నా చేతిలో డైరీ ఉంది గాని తెరవాల్సిన అవసరం లేకపోయింది. అప్పుడు గుమ్మం దగ్గర నీళ్ళ గ్లాసులు పట్టుకుని నిలబడ్డ కోడలు, మాట తక్కువ మనిషి, నన్నే చూస్తూ అంది.

"గట్టిగ జెప్పు చెల్లే. ఎనకోళ్ళకు ఇనవడ్తలేదు."

"ఆ విజిల్ కరెక్టు!" అన్నాను. "సన్నపుల్ల ఎడమ పాదం ముందే జరిగింది. పాలక్క చూడలేదు. చూడలేదని తనే చెప్పింది. ఎవరూ అడక్కుండా, అందరి ముందూ చెప్పి, కుర్చీ దిగింది!"

కొట్టం చిట్టచివర, గుంజకి కట్టేసిన ఏడేళ్ళ బర్రె, సన్నపుల్ల, గడ్డి నమలడం ఆపి తల తిప్పి నన్ను చూసింది.